జిప్సీ స్టీరింగ్ వణుకు: ఆరు వారాల డైరీ

జనవరి 12, ఆదివారం

బండి కొని మూడు వారాలైంది. 2004 మోడల్ మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్, 1.3 లీటర్ ఇంజన్, పవర్ స్టీరింగ్ లేదు. పండక్కి గుంటూరు అత్తగారింటికి ఇందులోనే వెళ్దామని పట్టుబట్టింది నేనే. విజయవాడ బెంజి సర్కిల్ దాటి కృష్ణ మీది వారధి ఎక్కేసరికి ముల్లు 65 మీద ఉంది.

వారధి పలకలు కలిసే జాయింట్లలో రెండోదో మూడోదో గుర్తులేదు. ధడ్ మంది. ఆ దెబ్బ అక్కడితో పోవాలి కదా, పోలేదు. స్టీరింగ్ ఒడ్డున పడ్డ కొరమేనులా కొట్టుకోవడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు, బానెట్, ముందు అద్దం అన్నీ ఊగిపోతున్నాయి. మా ఆవిడ ఒళ్లో ఉన్న అరిసెల డబ్బా మూత ఊడి, అరిసెలు కాళ్ల దగ్గర పడ్డాయి. భయంతో బ్రేకు గట్టిగా తొక్కాను, ఊపు ఇంకా ఎక్కువైంది. అప్పుడు కాలు తీసేసి, స్టీరింగ్ బిగించి పట్టుకుని, బండిని దానంతట దాన్నే నెమ్మదించనిచ్చాను. 35కి దిగగానే ఠక్కున ఆగిపోయింది, అసలేమీ జరగనట్టు.

మిగతా దారంతా 45 దాటలేదు. మంగళగిరి వెళ్లేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు. తర్వాత ఒక్కటే మాట: "తిరిగొచ్చేటప్పుడు నేనూ పిల్లలూ బస్సులో వస్తాం. మీరు దీన్ని తీసుకురండి."

జనవరి 16, గురువారం

ఒక్కడినే బండి వెనక్కి తెచ్చాను. పొద్దున్నే అయిదింటికి బయల్దేరాను, రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి కాస్త ధైర్యం చేసి గమనించాను. కాగితం మీద రాసుకున్నవి ఇవీ.

నున్నటి రోడ్డు మీద 65లో వెళ్తే ఏమీ కాదు. అదే స్పీడులో గతుకో జాయింటో తగిలితే మొదలవుతుంది. ఒకసారి మొదలైతే రోడ్డు నున్నగా ఉన్నా ఆగదు, స్పీడు తగ్గిస్తేనే ఆగుతుంది. బ్రేకు తొక్కినంత మాత్రాన మొదలవదు. ఇది కాకుండా 75 దాటాక గతుకు లేకపోయినా స్టీరింగ్‌లో సన్నటి జలదరింపు ఒకటి ఉంది. అది వేరే రకంగా అనిపించింది.

ఈ తేడాలు రాసుకోవడం చాదస్తం కాదు. వణుకు ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. ఒక స్పీడులో వచ్చి, దాటాక తగ్గిపోయే సన్నటి వణుకైతే ముందు చక్రాల బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు చూడాలి. స్టీరింగ్‌లో కాకుండా సీటు కింద, ఫ్లోర్‌లో తెలిస్తే ఇంజన్ తిప్పుడుని యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని జాయింట్లు. గతుకు తగిలాక పుట్టి, తనను తానే పెంచుకుంటూ పోయేదైతే ముందు యాక్సిల్‌లో ఎక్కడో లూజు ఉన్నట్టు. అమెరికాలో జీపుల వాళ్లు దీన్ని డెత్ వాబుల్ అంటారు. వారధి మీద నాకు ఆ పేరు తెలియకపోవడమే మంచిదైంది.

జనవరి 19, ఆదివారం

తేలికైన దాంతో మొదలుపెడదామని నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగ్ చేయించాను. పాత ఓనరు వేయించిన 235/75 ఆర్15 టైర్లు, పెద్ద గడులవి. ముందు ఎడమ చక్రానికి మెషీన్ 80 గ్రాములు అడిగింది. అన్ని సీసం ముక్కలు అతికించిన చక్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూస్తే రిమ్ము లోపల ఎండిన బురద పెళ్లలు కట్టి ఉంది. గీకి, కడిగి మళ్లీ ఎక్కిస్తే 25 గ్రాములతో సరిపోయింది.

అక్కడే అలైన్‌మెంట్ కూడా చూడమన్నాను. "దీనికి ముందు కూడా రాడ్డు యాక్సిల్ సార్, అలైన్‌మెంట్ ఏముంటుంది?" అన్నాడు కుర్రాడు. సగం నిజమే. క్యాంబర్, క్యాస్టర్ అనే వాలు కోణాలు మార్చడానికి దీంట్లో బోల్టులు ఉండవు. కానీ రెండు ముందు చక్రాల్నీ కలిపే టై రాడ్ తిప్పితే టో, అంటే చక్రాలు లోపలికి చూస్తున్నాయా బయటికా అన్నది మారుతుంది, అది కొలవాల్సిందే. వాదించకుండా వచ్చేశాను, ఇంట్లో టేపు ఉంది కదా అని.

75 దాటాక వచ్చే జలదరింపు పోయింది. వారధి జాయింటు మీద వణుకు మాత్రం అలాగే ఉంది. అంటే బండికి ఉన్నవి రెండు జబ్బులు, ఒకటి తగ్గింది.

జనవరి 22, బుధవారం

ఆఫీసు అయ్యాక ఇంటి దగ్గర షెడ్డుకి తీసుకెళ్లాను. అతను బండి కిందకి కూడా వంగలేదు. "డ్యాంపర్ పోయింది సార్, కొత్తది వేస్తే సెట్ అయిపోద్ది." స్టీరింగ్ డ్యాంపర్ అంటే స్టీరింగ్ రాడ్డుకి తగిలించి ఉండే చిన్న షాక్ అబ్జార్బర్. పాతది తీసి చేత్తో లాగి చూస్తే నిజంగానే సైకిల్ పంపులా తేలిగ్గా వస్తోంది, పైగా నూనె కారుతోంది. కొత్తది వేయించాను.

జనవరి 26, ఆదివారం

వారధి మీద 60, 65, 70. వణుకు లేదు! మా బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. వాడికి బళ్ల పిచ్చి నాకంటే ఎక్కువ. "బావా, డ్యాంపర్‌తో తగ్గిందంటే అసలు రోగం తగ్గలేదు, జ్వరానికి మాత్ర వేసుకున్నట్టు" అన్నాడు. నాకు కోపం వచ్చింది.

ఫిబ్రవరి 1, శనివారం

వాడు చెప్పిందే అయింది. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే కల్వర్టు దగ్గర మళ్లీ అదే కొట్టుకోవడం. మునుపటి కంటే కొంచెం తక్కువ, అంతే. కొత్త డ్యాంపర్ వారం రోజులు లూజుని కప్పిపెట్టింది. కప్పిపెట్టిన వారంలో లూజు ఇంకాస్త అరిగింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ్టి నుంచే అసలు పని. షెడ్డుకి పోకుండా ఇంటి ముందే పరీక్ష పెట్టాం. బావమరిది గుంటూరు నుంచి పొద్దున్నే దిగాడు.

మొదటి పరీక్షకి జాకీ అక్కర్లేదు. చక్రాలు నేల మీదే ఉండాలి, బరువు వాటి మీదే ఉండాలి. వాడు లోపల కూర్చుని స్టీరింగ్‌ని గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఇటూ అటూ తిప్పుతూ ఉన్నాడు. నేను బోర్లా పడుకుని ఒక్కో జాయింటునీ చేత్తో పట్టుకుని చూశాను. ఈ పనికి కళ్ల కంటే వేళ్లు నయం. రెండు వేళ్లు జాయింటుకి అటూ ఇటూ, అంటే రాడ్డు మీద ఒకటి, ఆర్మ్ మీద ఒకటి ఆనించి పెట్టుకోవాలి. మంచి జాయింటైతే రెండు వేళ్లూ కలిసి కదులుతాయి. అరిగిందైతే ఒక వేలు ముందు కదిలి, లోపల టిక్కుమని, తర్వాత రెండోది కదులుతుంది.

టై రాడ్ రెండు చివర్లూ బాగానే ఉన్నాయి. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్డు, అంటే డ్రాగ్ లింక్‌కి బాక్స్ వైపున్న బాల్ జాయింటు మాత్రం టిక్కుమంది. రబ్బరు బూటు చినిగి లోపల గ్రీజుకి బదులు ఇసుక ఉంది. స్టీరింగ్ బాక్స్‌లో కొంచెం ప్లే, అంటే ఖాళీ తిరుగుడు ఉంది గానీ దాన్ని ముట్టుకోలేదు. బాక్స్ మీద ఒక స్క్రూ ఉంటుంది, బిగిస్తే ప్లే తగ్గినట్టు అనిపిస్తుంది, చాలామంది ముందు దాని మీదే పడతారు. అతిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేసి, లోపలి గేరు పాడవుతుంది. బయట జాయింట్లన్నీ బాగయ్యాకే దాని సంగతి.

తర్వాత కమాన్ కట్టలు. కమాన్లని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల నట్లకి పానా వేస్తే రెండు నట్లు అర చుట్టు తిరిగాయి. కమాన్ కొసని ఛాసిస్‌కి కలిపే పట్టీల్ని షాకిల్స్ అంటారు, వాటి రబ్బరు బుష్‌లు పగిలి, వాటి మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది. ఇంకో సంగతి, ముందు షాకిల్స్ కంపెనీవి కావు. బండి ఎత్తు పెంచడానికి పాత ఓనరు పొడవాటివి కొట్టించి వేశాడు. దాని గురించి తర్వాత రాస్తాను.

రెండో పరీక్షకి జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం వేశాం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ చక్రం టకటకమంది. కుడి చక్రం కూడా, కొంచెం తక్కువగా. ఇక్కడే చాలామంది "వీల్ బేరింగ్" అని తేల్చేస్తారు. అలా తేల్చే ముందు ఒక చిన్న పని చెయ్యాలి. లోపల ఉన్న మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమని, మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కితే డిస్కు, దాన్ని పట్టుకునే క్యాలిపర్, చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పక్కకి తిరిగే నకిల్ అన్నీ ఒకే ముద్ద అయిపోతాయి, కాబట్టి వీల్ బేరింగ్‌లో ఉన్న లూజు చేతికి తెలియదు. నకిల్‌కీ యాక్సిల్‌కీ మధ్య, నకిల్ తిరిగే పిన్ను, అంటే కింగ్‌పిన్ లూజు మాత్రం అలాగే తెలుస్తుంది.

కుడి చక్రం: బ్రేకు తొక్కగానే టకటక ఆగింది. వీల్ బేరింగ్.

ఎడమ చక్రం: బ్రేకు తొక్కినా టకటకలాడుతూనే ఉంది. కింగ్‌పిన్.

"చెప్పానా బావా?" అన్నాడు వాడు. నిజానికి వాడు కింగ్‌పిన్ అని ఎప్పుడూ చెప్పలేదు. కానీ పెసరట్టు తినబెట్టాను.

ఫిబ్రవరి 6, గురువారం

విజయవాడలో ఉండి ఆటోనగర్ వెళ్లకపోతే ఎలా. డ్రాగ్ లింక్ ఎండు (చివరి బాల్ జాయింటు), షాకిల్ బుష్‌లు, రెండు పక్కలకీ కింగ్‌పిన్ బేరింగులు, నకిల్ సీళ్ల కిట్, అన్నీ రెండు షాపుల్లో దొరికాయి. కంపెనీ షాకిల్స్ పాతవి ఒక తుక్కు కొట్టులో దొరికాయి, గీసి రంగు వేస్తే బాగానే ఉన్నాయి. జిప్సీ తయారీ ఆగిపోయినా విడిభాగాలకి లోటు లేదు.

బేరింగులు బల్ల మీద పెట్టుకుని, అసలు ఈ వణుకు ఎందుకు పుడుతుందో మా అబ్బాయికి చెప్పబోయాను. వాడు తొమ్మిదో తరగతి. సైకిల్ చక్రాన్ని ఇరుసు దగ్గర రెండు చేతులతో పట్టుకోమని, గట్టిగా తిప్పి, పక్కకి వంచమన్నాను. వంచబోతే చక్రం తనకై తను మెలి తిరిగింది. "భలే ఉంది నాన్నా!" అన్నాడు. జిప్సీ ముందు భాగంలో జరిగేదీ అదే. రెండు ముందు చక్రాలూ ఒకే ఇనుప దూలానికి ఉంటాయి. ఎడమ చక్రం గతుకు ఎక్కితే దూలం మొత్తం పక్కకి ఒరుగుతుంది, దానితో కుడి చక్రమూ వంగుతుంది. తిరుగుతున్న చక్రాన్ని వంచితే అది పక్కకి తిరగాలని చూస్తుంది. పక్కకి తిరిగితే మళ్లీ వంగుతుంది. జాయింట్లు బిగుతుగా ఉంటే ఈ గొలుసు అక్కడే తెగిపోతుంది. ఎక్కడైనా లూజు ఉంటే ఆ ఖాళీలో ఊపు పెరుగుతుంది. ముందు పక్క ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బళ్లలో ఒక చక్రం లేస్తే రెండోది వంగదు, అందుకే వాటిలో ఈ రకం వణుకు దాదాపు కనబడదు. పాత మహీంద్రా ఎంఎం540లోనూ, 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీలోనూ ముందు దూలమే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1920లలో కార్లకి వెడల్పాటి బెలూన్ టైర్లు, ముందు చక్రాలకి బ్రేకులు వచ్చాక ఈ వణుకు ఇంజనీర్లని తెగ ఏడిపించింది. 1925లో జార్జ్ బ్రూలియే అనే ఫ్రెంచి ఇంజనీరు దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. జనరల్ మోటార్స్ 1934 మోడళ్లలో ముందు దూలాన్ని పీకేసి ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి మారడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

65 దగ్గరే ఎందుకు అని కూడా లెక్క వేశాం. నా టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. 65 కి.మీ. స్పీడంటే సెకనుకి 18 మీటర్లు. అంటే చక్రం సెకనుకి దాదాపు 8 చుట్లు. ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తే ఎలా ఎగురుతుందో, యాక్సిల్ సహజంగా ఊగే లయకి ఈ ఎనిమిది చుట్లు దగ్గరగా వచ్చినప్పుడు అలా అందుకుంటుంది. స్పీడు తగ్గించగానే ఆగిపోవడం అందుకే.

ఫిబ్రవరి 9, ఆదివారం

తేలికైన పనులు. డ్రాగ్ లింక్ ఎండు మార్చాం. యూ బోల్టులు బిగించాం. కుడి హబ్ విప్పితే బేరింగు నట్టు వదులుగా ఉంది, లాక్ వాషర్ చెవి మడవనే లేదు. ఎవరో చేశాం అనిపించుకున్న పని. బేరింగు కడిగి చూస్తే బాగానే ఉంది, గ్రీజు పట్టించి, నట్టు సరిచేసి, ఈసారి వాషర్ చెవి మడిచాను.

తర్వాత షాకిల్స్. జిప్సీలో ముందు కమాన్లకి షాకిల్ బంపర్ వైపు ఉంటుంది. అక్కడ పొడవాటి షాకిల్ వేస్తే కమాన్ ముందు కొస కిందకి దిగుతుంది, దానితో పాటు యాక్సిల్ ముందుకి వాలుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. క్యాస్టర్ అంటే కింగ్‌పిన్ గీత పైకొస వెనక్కి వాలి ఉండడం. సైకిల్ హ్యాండిల్ ఫోర్కు వాలుగా ఉంటుంది చూడండి, అదే. చేతులు వదిలేసినా చక్రం తిన్నగా పోయేది దాని వల్లే. ఈ బండికి అది మూడున్నర డిగ్రీలు ఉండాలి. కింగ్‌పిన్ పైతల మీద మట్టి గీకి ఫోన్‌లో కోణం చూపించే యాప్ పెట్టాను. ఒకటింబావు డిగ్రీ చూపింది. కంపెనీ షాకిల్స్, కొత్త బుష్‌లు వేశాక మూడు దాటింది. ఫోన్ కొలత కాబట్టి అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు, కానీ తేడా తేడానే. ఎత్తు కావాలంటే కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య వాలు ముక్కలు పెట్టి క్యాస్టర్ సరిచేసుకునే దారి ఉంది. నాకు ఎత్తు అక్కర్లేదు.

టో కొలవడానికి టైరు మధ్యలో సుద్ద రాసి, చక్రం తిప్పుతూ మేకుతో గీత గీశాను. బండిని కిందకి దించి, కాస్త ముందుకీ వెనక్కీ తోసి, గీతల మధ్య దూరం ముందు ఒకసారి, వెనక ఒకసారి కొలిచాను. ముందు దూరం వెనక కంటే 2 నుంచి 6 మి.మీ. తక్కువ ఉండాలి. నాది 5 మి.మీ. ఎక్కువ ఉంది, అంటే చక్రాలు బయటికి చూస్తున్నాయి. రాడ్డు యాక్సిల్‌కి అలైన్‌మెంట్ ఏముంటుంది అన్న కుర్రాడు గుర్తొచ్చాడు. టై రాడ్ తిప్పి, ముందు దూరం వెనక కంటే 3 మి.మీ. తక్కువ ఉండేలా తెచ్చాను.

సాయంత్రం పరీక్షకి డ్యాంపర్ తీసేసి వెళ్లాను. కప్పిపెట్టేది ఉంటే నిజం తెలియదు. ఖాళీ రోడ్డు మీద, ఒక్కో మెట్టూ ఎక్కుతూ. 65లో గతుకు తగిలితే వణుకు పుట్టింది, కానీ నాలుగైదు ఊపుల తర్వాత దానంతట అదే చచ్చిపోయింది. ఇంతకు ముందు పెరుగుతూ పోయేది. మిగిలింది కింగ్‌పిన్లు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్న ఎనిమిదికి మొదలుపెట్టి, ఎడమ పక్క విప్పేసరికి పదకొండు. చక్రం, క్యాలిపర్ (గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టి వేలాడదీశాం), హబ్, స్పిండిల్, లోపలి షాఫ్టు. నకిల్ లోపల ఉండాల్సింది గట్టి గ్రీజు. బయటికి వచ్చింది పలచటి గోధుమరంగు అంబలి. యాక్సిల్ సీల్ పోయి, డిఫరెన్షియల్ నూనె గ్రీజులో కలిసింది. ఎన్ని వాగులు దాటిందో, నీళ్లు కూడా చేరాయి. డబ్బాలోకి ఎత్తి పోస్తుంటే మా ఆవిడ డాబా మీద నుంచి చూసి "ఆ డబ్బా వంటింట్లోది కాదు కదా?" అంది. వంటింట్లోదే.

నకిల్‌కి పైన ఒక కింగ్‌పిన్, కింద ఒకటి. ఒక్కోదానికి నాలుగు బోల్టులు. కింగ్‌పిన్ కింద షిమ్ములు అనే పలచటి రేకు ముక్కలు ఉంటాయి, ఎన్ని ఉన్నాయో, ఏ పక్కవో కలిసిపోకుండా నాలుగు గిన్నెల మీద పేర్లు రాసి వేశాను. షిమ్ తీస్తే బేరింగు బిగుస్తుంది, పెడితే వదులవుతుంది. ఇక్కడ ఉండే కొద్దిపాటి బిగుతు ఊరికే పెట్టింది కాదు. చక్రం పక్కకి తిరగడానికి కాస్త అడ్డు పడుతూ, వణుకుని పుట్టగానే తొక్కేసేది అదే. డ్యాంపర్ దాని తర్వాతే.

పై బేరింగు ఫరవాలేదు. కింది బేరింగు చేతిలోకి రాలేదు, ముక్కలుగా రాలింది. తుప్పు. రోలర్లు కూర్చునే బయటి రింగుని, అంటే కప్పుని డీజిల్‌తో కడిగి, కాటన్ వేస్టుతో తుడిచి, వెలుతురులో పెట్టి చూశాం. నున్నగా అద్దంలా ఉండాల్సిన లోపలి గోడ మీద వరసగా నిలువు గాట్లు, ఒక్కో రోలరుకీ ఒక్కోటి. గోరు పెట్టి లాగితే ప్రతి గాటు దగ్గరా తట్టుకుంటోంది, దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి రోలర్లు అదే చోట ఏళ్ల తరబడి గుద్దుకుని గుంటలు చేశాయి. బావమరిది ఫొటో తీసి వాళ్ల గ్రూపులో పెట్టాడు. "ఇన్నాళ్లూ దీని మీద మా అక్కని ఎక్కించుకు తిరిగావా బావా?" అన్నాడు. దానికి జవాబు చెప్పలేదు.

కుడి పక్క కూడా విప్పాం. అక్కడ గాట్లు అప్పుడే మొదలవుతున్నాయి. బేరింగులు కొత్తవి ఉన్నాయి కాబట్టి మార్చేశాం. కొత్త కప్పుల్ని పాత కప్పుల్నే అడ్డం పెట్టి సుత్తితో దిగ్గొట్టాం. చప్పుడు మారేదాకా కొట్టాలి. పూర్తిగా దిగనంతసేపూ శబ్దం డొల్లగా ఉంటుంది, అడుగు తగలగానే ఖంగుమంటుంది.

ఇప్పుడు బిగుతు కొలవాలి. మాన్యువల్ ప్రకారం సీల్ లేకుండా, టై రాడ్ ఊడదీసి, నకిల్ ఆర్మ్ చివరి రంధ్రానికి కొక్కెం తగిలించి లాగితే, కదలడం మొదలయ్యేటప్పుడు 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపాలి. పాత బేరింగుతో ఎడమ పక్క పొద్దున్న లాగి చూశాం, 400 గ్రాములు కూడా రాలేదు.

త్రాసు కోసం ఇల్లంతా వెతికితే అటక మీద దొరికింది. మా వదినగారు డాలస్ వెళ్లినప్పుడల్లా ఆవకాయా గోంగూరా సర్దిన పెట్టెలు 23 కిలోలు దాటకుండా తూచే డిజిటల్ కొక్కెం త్రాసు. దానితో కొలిచి, షిమ్ములు మారుస్తూ, రెండు పక్కలా 1.6కి తెచ్చాం. సీళ్లు, గ్రీజు, కొత్త యాక్సిల్ సీళ్లు. అన్నీ ఎక్కించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నడుం లేవలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

వణుకు లేదు. కానీ బండి నడపబుద్ధి కావట్లేదు. గొల్లపూడి దగ్గర మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే తిరిగి రాదు, చేత్తో లాక్కురావాలి. తిన్నటి రోడ్డు మీద ఒక పక్కకి కొంచెం తిప్పితే అక్కడే ఉండిపోతోంది, మళ్లీ ఇటు తిప్పాలి. తాగి నడుపుతున్నానని వెనక వాళ్లు అనుకుని ఉంటారు.

ఆటోనగర్‌లో జిప్సీలు, పాత జీపులు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు. బండి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాను. స్టీరింగ్ రెండుసార్లు తిప్పి, "బిగిసిపోయింది అబ్బాయ్. దేంతో కొలిచావు?" అన్నాడు. త్రాసు చూపించాను. కొక్కేన్ని మెల్లగా లాగుతూ అంకెల వైపు చూసి నవ్వాడు. "ఇది కాసేపు కదలకపోతే చాలు, అంకె పట్టేసి కూర్చుంటోంది. తర్వాత నువ్వెంత లాగినా అదే చూపిస్తది. పెట్టెలకి మంచిదే."

నిజమే. పెట్టె బరువు స్థిరపడగానే అంకె నిలిచిపోయేలా చేసిన వస్తువది. మేం మెల్లగా లాగుతుంటే 1.6 దగ్గర అంకె ఆగిపోయింది, నకిల్ మాత్రం ఇంకా గట్టిగా లాగాకే కదిలింది. కదిలిన క్షణానికి ఎంత ఉందో మాకు తెలియనే లేదు.

బాబాయ్ తన దగ్గరున్న స్ప్రింగ్ కాటా ఇచ్చాడు. ఇత్తడి ముఖం, గీతలు సగం చెరిగిపోయాయి. "రెండు రోజుల్లో తెచ్చెయ్" అన్నాడు. డబ్బులు అడగలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

సెలవు పెట్టి మళ్లీ విప్పాను, ఈసారి ఒక్కడినే. కాటా తగిలించి లాగితే ఎడమ 2.7 కిలోలు, కుడి 2.4. ఒక్కో షిమ్ చేర్చుకుంటూ వచ్చాను. చేర్చిన ప్రతిసారీ బోల్టులు పూర్తిగా బిగించి, నకిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు తిప్పి, అప్పుడు కొలవాలి. రోలర్లు తమ చోట కూర్చోకుండా కొలిస్తే మళ్లీ తప్పే వస్తుంది. ఎడమ 1.5, కుడి 1.4 దగ్గర ఆపాను. కొత్త బేరింగులు కొంత సర్దుకుంటాయని బాబాయ్ అన్నాడు కాబట్టి, వెయ్యి కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి. కాటా తిరిగిచ్చేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

మొదట డ్యాంపర్ లేకుండానే. పొద్దున్న అయిదున్నరకి వారధి మీద 50, 60, 65, 70. ప్రతి జాయింటు దగ్గరా ధడ్, అంతే. దెబ్బ స్టీరింగ్‌లోకి వచ్చి అక్కడే ఆగిపోతోంది. తాడేపల్లి వైపు దిగి, వెనక్కి తిరిగి, మళ్లీ. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అదే మధ్యకి వస్తోంది. తర్వాత ఇంటికొచ్చి డ్యాంపర్ తగిలించాను. అది ఉండాల్సిన వస్తువే, కాకపోతే కప్పిపెట్టే పని ఇక దానికి లేదు.

స్నేహితుడి దగ్గర నుంచి కంపెనీ సైజు 205/70 టైర్లు కూడా ఒక పూటకి తెచ్చి వేసి చూశాను. స్టీరింగ్ ఇంకా తేలిగ్గా ఉంది, నిజం చెప్పాలంటే బండి వీటి కోసమే పుట్టింది. నా వెడల్పాటి టైర్లు అరిగాక మళ్లీ అవి కొనను.

మిగిలినవి: 85 దగ్గర సీటు కింద సన్నటి గుంయ్ ఉంది. స్టీరింగ్‌లో కాదు. యాక్సిలరేటర్ వదిలితే మారుతోంది, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు కావచ్చు, అది మార్చిలో. స్టీరింగ్ బాక్స్‌లో ఆ కొంచెం ప్లే ఉంది, ఉండనిస్తాను. వదినగారి త్రాసుకి అంటిన గ్రీజు పోవట్లేదు, సర్ఫుతో రెండుసార్లు తుడిచాను.

బుధవారం శివరాత్రి. గుంటూరు వెళ్లి అక్కడి నుంచి అందరం కోటప్పకొండ వెళ్దామని అత్తగారు ఫోన్ చేశారు. జిప్సీలో వెళ్దామా అని మా ఆవిడని అడిగాను.

"వారధి మీద ఎన్నిసార్లు తిరిగారు ఇవాళ?"

"ఎనిమిది."

"రేపు పొద్దున్న ఇంకోసారి తిరగండి. నేనూ వస్తాను. పిల్లల సంగతి తర్వాత చూద్దాం."